బర్రె దవడ కింద నీరు: మేనకోడలికి ఉత్తరం

అమ్మాయ్ పద్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. మూడో ఈత బర్రెకి దవడ కింద వేలాడేది గొంతువాపు అని మీ వీధిలో ఎవరో బెదరగొట్టారన్నావు. గొంతువాపే అయితే నీకు ఫొటోలు తీసే తీరిక ఉండేది కాదు. ఆ రోగంలో ఒళ్లు కాలిపోతుంది. వాపు గట్టిగా, వేడిగా ఉంటుంది, చెయ్యి వేస్తే గొడ్డు తల విదిలిస్తుంది. గుర్రుగుర్రుమంటూ ఊపిరి లాగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే సంగతి తేలిపోతుంది. అలాంటివి కనబడితే ఈ ఉత్తరం పక్కన పడేసి 1962కి ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ వస్తుంది.

మీ బర్రె సంగతి వేరు. జ్వరం లేదు, మేత మానలేదు, పాలు మాత్రం సగానికి పడిపోయాయి. వాపు మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిందని నువ్వే రాశావు. సాయంత్రం మేసి వచ్చాక పెద్దదిగానూ, తెల్లారేసరికి కాస్త తగ్గినట్టూ ఉంటే అది నీరే. తల దించి మేసినంతసేపూ అక్కడికి దిగుతుంది. కింది కనురెప్ప లాగి చూడు. లోపలి పొర ఎర్రగా లేకుండా పాలిపోయి ఉంటే ఒంట్లో రక్తం తగ్గినట్టు. పెన్నా కాలవల కింద మాగాణిలో మేసే గొడ్డుకి ఫిబ్రవరి నెలలో ఇలా అయితే ముందు నా అనుమానం పోయేది కార్జపు జలగ మీదికే. జలగంటే ఒంటికి పట్టే నీటి జలగ కాదు, కార్జంలో (కాలేయంలో) చేరే చదునైన పురుగు, డాక్టర్లు లివర్ ఫ్లూక్ అంటారు.

అనుమానం అన్నాను, ఖాయం అనలేదు. పొట్టలో చేరే పొట్టి జలగలకీ ఇలాగే నీరు దిగుతుంది. గొర్రెల్లో అయితే రక్తం పీల్చే పొట్టపురుగులు కూడా ఇదే పని చేస్తాయి. అందుకే పేడ పరీక్ష చేయించు. నేల మీద పడింది కాదు, అప్పుడే వేసిన పేడ నిమ్మకాయంత తీసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పొద్దున్నే ఆసుపత్రికి పంపు. జలగ గుడ్డు బరువుగా ఉంటుంది, పేడని నీళ్లలో కలిపి అడుక్కి దించి చూస్తేనే దొరుకుతుంది. జలగ గుడ్లకి చూడమని చీటీ మీద రాసి పంపితే అక్కడి వాళ్లకి తెలుస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. గడ్డితో కడుపులోకి పోయిన జలగ పిల్ల పెరిగి గుడ్డు పెట్టడానికి మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా పేడలో ఏమీ కనబడదు. అది కార్జాన్ని తొలుచుకుంటూ తిరిగేది మాత్రం ఆ నెలల్లోనే. అందుకని రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా, దవడ కింద నీరు ఉన్నంతవరకూ డాక్టరుని వదలకు. నేను కాంపౌండరుగా ఉన్న రోజుల్లో ఈ ఒక్క సంగతి రైతుకి ఎక్కించడానికే సగం నోరు పోయేది.

జలగ ఎక్కడి నుంచి వస్తుందని మీ అత్త అడిగిందన్నావు కదా, ఆమెకి చదివి వినిపించు. కార్జంలో పైత్యం పారే గొట్టాల్లో పెద్ద జలగ కాపురం ఉంటుంది. చదునుగా, ఆకు ఆకారంలో, రెండున్నర నుంచి ఏడు సెంటీమీటర్ల దాకా పొడుగు. దాని గుడ్లు పైత్యంతో పేగుల్లోకి, అక్కడి నుంచి పేడలోకి వస్తాయి. ఆ పేడ నీళ్లలో పడితే, మన ఎండలకి రెండు వారాల్లో గుడ్డు పగిలి కంటికి కనబడని పిల్ల బయటికొస్తుంది. దానికి నోరూ లేదు, తిండీ లేదు. ఒక్క రోజులోపల నత్తని పట్టుకోవాలి, లేకపోతే చావాలి. పట్టుకుందా, ఆ నత్త ఒంట్లో ఒకటి వందలవుతుంది. నెలన్నర రెండు నెలలయ్యాక అవన్నీ తోకలతో నీళ్లలోకి వచ్చి, నీటి మట్టానికి కొంచెం కిందగా గడ్డి కాడలకీ వరి మొదళ్లకీ అతుక్కుంటాయి. తోక రాలిపోయి చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటాయి. తడి ఉన్నంతకాలం నెలల తరబడి అలాగే బతికుంటాయి. గొడ్డు ఆ గడ్డి తింటే మళ్లీ కార్జానికి చేరతాయి. నత్త సంగతి లోకానికి 1880ల్లో తెలిసింది. ఇంగ్లండులో థామస్ అనే ఆయనా, జర్మనీలో ల్యూకార్ట్ అనే ఆయనా విడివిడిగా ఇదే తేల్చారు. అంతకుముందు గొర్రెల కాపరులకి బురద నేలలో మేపితే మంద పాడవుతుందని మాత్రమే తెలుసు. దారి తెలియకపోయినా వాళ్ల జాగ్రత్త సరైనదే.

ఈ లెక్క మన నెల్లూరు వానలకి వేసి చూడు. మనకి గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. చెరువులు నిండుతాయి, నత్తలు ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి. అప్పుడు నీళ్లలో పడిన పేడ సంక్రాంతి నాటికి గడ్డి మీద తిత్తులై కూర్చుంటుంది. ఆ తర్వాత చెరువు వెనక్కి తగ్గినకొద్దీ, నిన్నటిదాకా నీళ్లలో మునిగి ఉన్న లేత పచ్చిక బయటపడుతుంది. చుట్టూ బీళ్లు ఎండిపోతుంటే పచ్చగా ఉండేది అదొక్కటే. గొడ్డు నోరు దాని మీదికే పోతుంది, మన మనసు కూడా. మందుల గురించి నన్ను అడిగినవాళ్లే కానీ, గొడ్డు ఏ గట్టున మేసిందో చెప్పినవాళ్లు తక్కువ. నన్నడిగితే సగం వైద్యం ఆ నీటి అంచు నుంచి గొడ్డు నోటిని పక్కకి తిప్పడంలోనే ఉంది. చెరువు లోతట్టులో, తూము దిగువన, ఊట కాలవ గట్ల మీద ఏప్రిల్ దాకా విప్పొద్దు. ఆ గడ్డి కోసుకొచ్చి వేస్తే ఫర్వాలేదు కదా అంటావేమో, పచ్చిగా వేస్తే అదీ ఇదీ ఒకటే. పల్చగా పరిచి బాగా ఎండనిస్తే తిత్తులు చస్తాయి.

వరిగడ్డి సంగతి కూడా చెప్పాలి. వెనకటి రోజుల్లో చేత్తో కోసినప్పుడు పనలు మళ్లో ఎండి, నూర్చాక వామికి చేరేవి. ఇప్పుడు మిషను కోసేస్తుంది, తడి మళ్లోనే గడ్డి కట్టలు కట్టేస్తున్నారు. తిత్తులుండేది వరి కాడకి కింది భాగంలో. కొత్తగడ్డిని కట్ట విప్పి రెండు మూడు రోజులు మంచి ఎండలో తిరగేసి వామి వెయ్యమని అల్లుడికి చెప్పు. కూలి ఖర్చని గొణుగుతాడు, గొణగనీ. వామి అడుగున తేమ పట్టిన గడ్డి దిబ్బలోకి పోవాలి, గాటికి కాదు.

నీళ్లు బోరు దగ్గర తొట్టిలోనే పెట్టు. బర్రెకి నీళ్లలో పడుకోకపోతే ప్రాణం ఊరుకోదు, అది నాకూ తెలుసు. విప్పే ముందు ఇంటి దగ్గర కడుపు నిండా మేతా నీళ్లూ పెట్టి, గడ్డి లేని రేవు వైపు తోలి, గంట సేపు ఉంచి లేపుకొచ్చెయ్యండి. దగ్గర మనిషి ఉండాలి.

నత్తల ఫొటో కూడా పంపావు. దోసిట్లో ఉన్నవాటిలో మూడు రకాలున్నాయి. ఆ లావుపాటిది, మూతి మీద గట్టి మూత ఉన్నది, జనం వండుకునే నత్తగుల్ల, దాంతో ఈ తంటా లేదు. చదునుగా చుట్ట చుట్టుకున్నదాని వల్ల పొట్టలో జలగలూ, ముక్కులో కాయలు కాసి గొడ్డు గురక పెట్టే రోగమూ వస్తాయి. కార్జపు జలగని మోసేది మూడోది. పల్చటి గుల్ల, వేళ్ల మధ్య నలిపితే పగిలిపోతుంది. మొన పైకి పట్టుకుంటే నోరు కుడివైపు వెడల్పుగా, చెవి ఆకారంలో తెరుచుకుని ఉంటుంది. మూత ఉండదు. కదలని నీళ్లలో నాచూ తామరాకులూ ఉన్నచోట దొరుకుతుంది. నీ ఫొటోలో చిటికెనవేలి పక్కన ఉన్న రెండూ అవే. వాటిని తాకితే నీకేమీ కాదు, అయినా చేతులు సబ్బుతో కడుక్కో.

మైలుతుత్తం, అంటే రాగి ఉప్పు (కాపర్ సల్ఫేట్), చల్లితే నత్తలు పోతాయని ఎరువుల కొట్టులో చెప్పారట. నత్తలు చస్తాయి, నిజమే. దాంతోపాటు చేపలూ చస్తాయి. మీ కాలవ నీళ్లు కిందనున్న చేపల గుంటలకే కదా పోయేది, ఆ గొడవ మీరు పడలేరు. గొర్రెకి రాగి అసలే పడదు, కొంచెం ఎక్కువైనా విషమే. ఆ పని వద్దు. గట్టున నాచు తీసెయ్యండి. మీ పొలంలో నీరు నిలిచే పల్లాన్ని గండి కొట్టి బయటికి పంపండి. సాయంత్రం తాటాకు ముక్కలు నీళ్లలో వేసి రాయి పెట్టు, పొద్దున తీస్తే అడుగున నత్తలు అతుక్కుని ఉంటాయి, ఎండలో పడెయ్యి. కోతలయ్యాక బాతుల మందలవాళ్లు వస్తే మీ మళ్లలోకి రానివ్వండి, కాదనొద్దు. పేడ మాత్రం కాలవ పక్కన దిబ్బ వెయ్యొద్దు. మెరకన పోసి బాగా మాగనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి.

ఇప్పుడు మందు. కొట్టువాడు ఇచ్చే నట్టల మందు సీసా అన్నిటికీ పనిచేస్తుందనుకోవద్దు. ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగల్ని చంపుతుంది, కార్జంలో తిరిగే పిల్లల్ని చంపదు. ట్రైక్లాబెండజోల్ పిల్లల్నీ పెద్దవాటినీ చంపుతుంది. ఆల్బెండజోల్ ఎక్కువ మోతాదులో ఇస్తే పెద్ద జలగల మీద కొంత పనిచేస్తుంది కానీ, చూడి కట్టిన కొత్తలో ఇవ్వకూడదు. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రెకి చూపు పోతుంది. సంక్రాంతి తర్వాత పిల్ల జలగలకి తగిలే మందు, వానలకి ముందు సెప్టెంబరులో పెద్ద జలగలకి తగిలే మందు, ఇదీ నాకు తెలిసిన వరస. సెప్టెంబరుది ఎందుకంటే కొత్తనీళ్లలోకి గుడ్లు పడకుండా. ఏది, ఎంత అనేది డాక్టరు నోటే వినాలి. పాడి బర్రెకి కొన్ని మందులు పనికిరావు, కొన్నిటికి ఇన్ని రోజులు పాలు పొయ్యకూడదని ఉంటుంది, అది కూడా అడుగు. కేంద్రంలో పాలు పోసే ఇల్లు మనది, మాట పోగొట్టుకోకూడదు.

బరువు కళ్లతో అంచనా వెయ్యకు, అందరూ తక్కువే చెబుతారు. మందు తక్కువైతే డబ్బూ పోయె, జలగా మిగిలె. దర్జీ టేపు తీసుకుని ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలువు. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగించు. 75 అంగుళాల చుట్టు, 60 అంగుళాల పొడవు ఉన్న బర్రె 510 కిలోల పైచిలుకు తూగుతుంది. ఆ అంకె డాక్టరుకి చెప్పు.

మందు పడిన మర్నాడే పాలు పెరగవు. దెబ్బతిన్న కార్జం కోలుకోవాలి, పోయిన రక్తం తిరిగి పట్టాలి. మంచి వేరుశనగ చెక్క, తవుడు పెట్టు. బూజు వాసన వచ్చే చెక్క మాత్రం ముట్టించకు, ఆ బూజు విషం కూడా కార్జం మీదికే పోతుంది.

మనుషులకి వస్తుందా అని అడిగావు. వస్తుంది కానీ పాల వల్ల కాదు, కార్జం కూర వల్లా కాదు. నీటి గట్టున గడ్డి పరక నమిలినా, కాలవ నీళ్లు కాచకుండా తాగినా, నీళ్లలో పెరిగే ఆకుకూర పచ్చిగా తిన్నా తిత్తులు లోపలికి పోవచ్చు. తూటికూర ఉడికించి తింటే భయం లేదు. పిల్లల్ని గట్టున ఆడేటప్పుడు గమనించు.

చివరిగా గొర్రెల మాట. కోతలయ్యాక ఉదయగిరి మెట్ట నుంచి మందని తెచ్చి మళ్లో కట్టించాలని అల్లుడు అనుకుంటున్నాడట. ఎరువుకి అంతకంటే మంచిది లేదు. అయితే మెట్ట గొర్రె ఎండుగడ్డి మేసి పెరిగింది, ఒక్కసారిగా తడి పచ్చిక మీద పడితే తిత్తులు ఎక్కువగా పోయి, దవడ నీరు దిగకముందే తటాలున పడిపోయే ప్రమాదం ఉంది. మెరక మళ్లోనే కట్టించండి, చెరువు వైపు తోలొద్దని కాపరికి ముందే చెప్పండి. మంద మీ ఊరి నుంచి వెళ్లిన రెండు మూడు వారాలకి పిల్ల జలగలకి తగిలే మందు తాపమని కూడా చెప్పండి, ఆ ఖర్చులో సగం మీరు పెట్టుకుంటే న్యాయంగా ఉంటుంది.

పేడ రిపోర్టు వచ్చాక ఫొటో తీసి పంపు. డాక్టరు రాసిన చీటీ కూడా.

మీ మామ

చి. పద్మ కొడుకుకి ముద్దులు. మీ అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి విడిగా రాస్తాను.