హనుమకొండల పాత 150 సీసీ బండి: అమ్మేటాయన ఆర్సీని నా పేరు మీదికి తర్వాత మారుస్తా అంటే ఒప్పుకోవాలా?

తమ్మీ, ఒప్పుకోకు. బండి పేరు మార్చే కాగితాలు, అంటే ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద ఆయన సంతకాలు పెట్టినంకనే మిగిలిన పైసలియ్యి. బండి ఫైనాన్స్‌ల ఉంటే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీల లోన్ పేరు తీసేసే ఫారం 35 కూడా కావాలె. చలాన్లు ఆన్‌లైన్‌ల చూసి ఆయనతోనే కట్టియ్యి. ఆర్సీ మీది ఛాసిస్ నంబరును బండి మీదిదానితో ఒక్కో అంకె సరిచూడు.

పొద్దుగాల ఇంజన్ చల్లగున్నప్పుడే పో. ముందే వేడి చేసి పెడితే స్టార్టింగ్ సమస్య దాగుతది. ఆక్సిలరేటర్ ఇస్తే నీలం పొగొచ్చిందా? ఆయిల్ కాలుతున్నట్టే, ఇంజన్ లోపలి పిస్టన్ రింగులన్నా, వాల్వ్ సీళ్లన్నా పోయినయ్. సెంటర్ స్టాండేసి, ముందు టైరు లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పు. మధ్యల టక్కున ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) అరిగింది. అది మార్పించొచ్చు, ధర తగ్గించమను. పొగొస్తే మాత్రం వద్దు. మెరిసే పాలిష్ చూసి మురవకు.