కర్రీ పాయింట్ పెడతానంటున్న మా మేనకోడలికి

బుజ్జీ,

విజయనగరం కాంప్లెక్స్ దగ్గర కర్రీ పాయింట్ పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఓలమ్మ, వాసనే తెలియని పిల్ల కూరలమ్ముతాదా అని ముందు గుండె దడదడలాడింది, తర్వాత మా ఇంటి పిల్లకి ఆ మాత్రం తెగింపు ఉండొద్దా అని నవ్వొచ్చేసింది. 2021లో కరోనాతో పోయిన వాసన ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి ఇంట్లో కూచోమనేవాళ్ళు చాలామంది ఉంటారు, నేనైతే అనను.

లైసెన్సూ అద్దె అగ్రిమెంటూ మీ నాన్న చూసుకుంటాడు.

గ్యాసు మాత్రం నాకు నిద్ర పట్టనివ్వట్లేదు. అసలు గ్యాసుకి వాసన ఉండదట, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనేదేదో కలుపుతారు, ఆ కలిపింది కూడా నీకు తెలీదు కదే! గ్యాస్ అలారం కొను, సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు కాబట్టి కిందికే దిగుతుంది, అందుకని నేలకి దగ్గరగా పెట్టించు. మోగితే స్విచ్చులు ముట్టుకోకు, రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తీసి బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్. రాత్రి షాపు కట్టేటప్పుడు రెగ్యులేటర్ చేత్తో పట్టుకుని చూడు, నువ్వే చూడు, ఇంకొకళ్ళకి చెప్పి వెళ్ళిపోకు.

ఇప్పుడు మీ మావయ్య సంగతి. కరోనా పేరే తెలియని రోజుల్లో ఒక చలికాలం గట్టి పడిశం పట్టింది, పడిశం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. పెళ్ళిళ్ళ వంట మేస్త్రీ కదా, తెలిస్తే ఆర్డర్లు పోతాయని నాక్కూడా చెప్పలేదు. రాజాం దగ్గర ఒక పెళ్ళిలో పప్పు గుండిగ అడుగంటింది. హెల్పర్ గుంటడొచ్చి "మేస్త్రీ, మాడు వాసనొస్తంది" అన్నాడు. ఈయన అరచేతిలో వేసుకుని నాకి, ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది, ఏటి నీ గోల అని కసిరి వడ్డనకి పంపేసాడు. నాలిక్కి తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు లాంటివే, మాడూ ఇంగువా నెయ్యి కమ్మదనం అన్నీ ముక్కు పనే. విస్తళ్ళలో పప్పు పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది, పెళ్ళివారు ఒక్క మాటా అనలేదు, అంటేనే బావుండేది. ఇంటికొచ్చి తప్పంతా ఆ గుంటడి మీద తోసి పనిలోంచి తీసేసాడు. నిజం చెప్పిన ఒక్క ముక్కునీ తరిమేసాడన్నమాట!

నాకెలా దొరికాడంటే, పాడై కంపు కొడుతున్న పాలతో కాఫీ కలుపుకుని హాయిగా తాగేస్తున్నాడు. బాగా తిట్టాను, తర్వాత పెరట్లోకెళ్ళి ఏడ్చాను. అప్పట్నుంచీ పెళ్ళిళ్ళకి నేనే వెళ్ళి పొయ్యిల దగ్గర కుర్చీ వేసుక్కూచునేదాన్ని, నేను సరేనంటే గానీ గుండిగ దించేవాడు కాదు.

కాబట్టి నీకో ముక్కు కావాలి. వంటలో చెయ్యి తిరిగిన ఆడమనిషిని జీతమిచ్చి పెట్టుకో, సంగతి మొదటి రోజే చెప్పెయ్, ఆమె బాలేదంటే వాదించకు. ఉప్పూ మసాలా తూకం వేసి పుస్తకంలో రాసుకో. పాల ప్యాకెట్ మీద తేదీ చూడు. ఉల్లిపాయలు వేగుతుంటే కుళ్ళు కంపొస్తోందన్నావు కదా, అలాంటి రోజు నీ ముక్కుని నమ్మి మంచి కూర పారబొయ్యకు. నరాలు మళ్ళీ అతుక్కునేటప్పుడు అలా తేడా వాసనలు రావొచ్చని డాక్టర్లే అంటారు.

వాసనల ప్రాక్టీసు మానేసావటగా? గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, రోజూ రెండుపూటలా ఒక్కోటీ ఓ ఇరవై సెకన్లు పీల్చాలి, కనీసం మూడు నెలలు. జర్మనీలో హమ్మెల్ అనే డాక్టరు 2009లో చూపించిన పద్ధతి అది, ఖర్చులేని పనికి కూడా బద్ధకమేనా? ఎవరో చెప్పారని ముక్కులో నూనెలూ అవీ పొయ్యకు, ఈఎన్టీకి మళ్ళీ చూపించు.

చిక్కిపోయావని మీ అమ్మ బాధపడుతోంది. రుచి తెలియకపోతే కరకరలాడేవి తిను, నోటికి ఆ సరదా అయినా ఉంటుంది. పలాస జీడిపప్పు పంపిస్తున్నాను, వేయించుకుని నువ్వు తినడానికే. షాపు కూరల్లో వేసేసావో, ఊరుకోను.

మీ అత్త