‘సర్, తొమ్మిదివేలు’ అని పైకి అను

చిట్టీ,

నీకు ఢిల్లీ బేస్ వచ్చిందనీ, వచ్చే నెల నుంచి విమానంలో కుడి సీట్లో, అంటే కో-పైలట్‌గా, కూర్చుంటావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మ అప్పటికప్పుడు దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాకు ఆ రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు.

లెక్కలు నీకు వచ్చు. వెయ్యి అడుగులు దిగడానికి మూడు మైళ్ళు. పదివేల అడుగుల కింద 250 నాట్లు. దిగడం మొదలయ్యే ముందే బ్రీఫింగ్ ముగించు. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో క్యూఎన్‌హెచ్, అంటే ఆ చోటి గాలి ఒత్తిడి అంకె, పెట్టడం మర్చిపోకు. భోజనం మానకు, నీకు ఆ అలవాటుంది. ఖాళీ కడుపుతో ఉంటే పదివేలకీ పదకొండువేలకీ చెవికి తేడా తెలీదు.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నకి కూడా తెలీదు.

నేను ఫస్ట్ ఆఫీసర్‌గా, నీలాగే కుడి సీట్లో, చేరి రెండేళ్ళయింది. సాయంత్రం రద్దీలో ఢిల్లీకి దిగుతున్నాం. విమానం నడుపుతున్నది కెప్టెన్, రేడియో నాది. కింద నుంచి కంట్రోలర్ ఏడువేల అడుగులకు దిగమన్నారు, కానీ విమానాశ్రయానికి ఇరవై మైళ్ళ దగ్గర తొమ్మిదివేలకు తగ్గకూడదన్నారు. నేను విన్నది తిరిగి చెప్పి (రీడ్‌బ్యాక్), ఆ పరిమితిని కంప్యూటర్‌లో ఎక్కించాను. కెప్టెన్ ఎంత ఎత్తుకి దిగాలో పెట్టే ఆల్టిట్యూడ్ విండోలో 7000 పెట్టారు. అంతలో రన్‌వే మారిందన్నారు. తలొంచుకుని కొత్త రన్‌వే ఎక్కించే పనిలో పడ్డాను. ఎత్తు ఎక్కువగా ఉన్నామని ఆయన నాబ్ లాగి ఓపెన్ డిసెంట్‌లో పెట్టారు. నీకు తెలుసుగా, ఆ మోడ్‌లో మధ్యలో ఉన్న పరిమితులేవీ విమానానికి పట్టవు. విండోలో ఉన్న అంకెదాకా దిగిపోతుంది.

తలెత్తేసరికి 9600 అడుగుల్లో ఉన్నాం, ఆ ఇరవై మైళ్ళ చోటుకి ఇంకా నాలుగు మైళ్ళు పోవాలి. స్క్రీన్ మీద మోడ్ చూశాను. ఏం జరగబోతోందో అర్థమైంది. అయినా నోరు మెదపలేదు చిట్టీ. ఆయన అంత అనుభవమున్న మనిషి, తెలిసే చేస్తున్నారేమో అనుకున్నాను. కంట్రోలర్ ఎత్తెంత అని అడిగితే 8400 అని చెప్పాను. ఆ రోజుల్లో ఢిల్లీ రాడార్ తెర మీద మా ఎత్తు కనిపించేది కాదు, మేం చెప్పిందే ఆధారం. మా కింద ఇంకో విమానం ఎనిమిదివేలకు ఎక్కుతోంది.

ఏమీ జరగలేదు. దిగాక కెప్టెన్ తనే రిపోర్ట్ రాశారు. కారులో ఒకటే అడిగారు, “నువ్వు చూశావా?” అని. చూశాను సర్ అన్నాను. “మరి?” అన్నారు. ఆ ‘మరి’కి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ ప్రమాదం జరిగింది. ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. అది ఇంకా కిందికి దిగి, 14,000కు ఎక్కిన సౌదీ విమానాన్ని ఢీకొట్టింది. 349 మంది పోయారు. ఆ కజక్ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడేది వేరే రేడియో ఆపరేటర్. ఎత్తు చూడాలంటే అతను పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి. అది చదివినప్పుడు నాకు నా 8400 గుర్తొచ్చింది. ఆ తర్వాతే ఢిల్లీలో వచ్చే దారులూ పోయే దారులూ విడదీశారు, దగ్గరకొచ్చే విమానం గురించి పైలట్‌ని హెచ్చరించే టీకాస్ తప్పనిసరి చేశారు.

ఇప్పుడు నీకు టీకాస్ ఉంది, కంట్రోలర్‌కి నీ ఎత్తు కనబడుతుంది. నా భయం వేరే. ఆరో క్లాసులో టీచర్ బోర్డు మీద లెక్క తప్పు వేస్తే, నువ్వు క్లాసులో చెయ్యెత్తకుండా ఇంటికొచ్చి నాతో చెప్పావు. మర్యాద తెలిసిన పిల్లవని నేను మురిసిపోయాను. ఆ రోజు నిన్ను కోప్పడాల్సింది. కాక్‌పిట్‌లో ఆ మర్యాద పనికిరాదు. కెప్టెన్ ఎవరైనా సరే, నాబ్ మీద చెయ్యి పడితే తర్వాతి పరిమితి ఎంతో పైకి చెప్పు. కంట్రోలర్ హెడింగ్ (తిరగాల్సిన దిక్కు) ఇస్తే మోడ్ మారిందేమో చూడు. ఇచ్చిన పరిమితి కుదరదనిపిస్తే ముందే కంట్రోలర్‌కి కుదరదని చెప్పు, ఆయనేమీ అనుకోడు. అనుకున్నా ఫర్వాలేదు.

ఆదివారం తెనాలి రా. పెద్దమ్మ గుత్తివంకాయ చేస్తానంది. భోజనాలయ్యాక రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని కూర్చుందాం. నేను చెప్పకుండా నాబ్ లాగుతాను. ‘సర్, తొమ్మిదివేలు’ అని వంటింట్లోకి వినపడేలా అనాలి నువ్వు.

మీ పెద్దనాన్న