పాత రోని కొత్త ఐడీతో కాపీ చేయాలా? ఐటమ్స్ టేబుల్‌ని కూడా చూసుకోండి

మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఒక రోని, అంటే ఒక వరుసని, అదే టేబుల్లోకి కొత్త ఐడీతో కాపీ చేయాలి, నలభై కాలమ్‌ల పేర్లూ రాయకుండా కుదురుతుందా అని అడిగారు కదా. కుదురుతుంది. ఆ రోని టెంపరరీ టేబుల్లోకి తీసుకుని, అందులో ఐడీ కాలమ్ డ్రాప్ చేసి, సెలెక్ట్‌లో ముందు నల్ (ఖాళీ విలువ) పెట్టి మిగతావన్నీ అసలు టేబుల్లోకి ఇన్‌సర్ట్ చేస్తే ఆటో ఇంక్రిమెంట్ (నంబరు దానంతటదే పెరిగే ఏర్పాటు) కొత్త నంబరు వేసుకుంటుంది, కాకపోతే ఐడీ మొదటి కాలమ్ అయ్యుండాలి.

కానీ ఓపిక చేసుకుని పేర్లు రాయండి. ఏది కాపీ అవ్వకూడదో అప్పుడే కంటపడుతుంది. బిల్లు నంబరు మీద యూనిక్ కీ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) ఉంటే ఎర్రర్ వస్తుంది, అది మంచిదే. తయారైన తేదీ, డబ్బు ముట్టిందన్న స్టేటస్ మాత్రం చప్పుడు లేకుండా పాతవే వచ్చి కూర్చుంటాయి.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లకి ఐసు, వంట సరుకులు ఇచ్చే ఒక షాపుకి నేను ప్రోగ్రామ్ రాశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అదయ్యాక బోట్లన్నీ ఒక్కసారే కదులుతాయి, ప్రతి బోటుకీ కిందటి ట్రిప్పు లిస్టే మళ్లీ కావాలి. ట్రిప్పులు ఒక టేబుల్లో, వాటి సరుకులు ఐటమ్స్ టేబుల్లో ఉంటాయి. ట్రిప్పులన్నీ ఒకే ఇన్‌సర్ట్‌తో కాపీ చేసి, లాస్ట్ ఇన్‌సర్ట్ ఐడీ (ఇప్పుడే ఎక్కించినదానికి పడిన ఐడీ ఇచ్చే ఫంక్షన్) తీసుకుని ఐటమ్స్ దానికి తగిలించాను. ఒకేసారి చాలా రోలు ఎక్కిస్తే అది మొదటి రో ఐడీ ఒక్కటే ఇస్తుందని నాకు తెలియదు. తెల్లారి చూస్తే అన్ని బోట్ల ఐసూ, బియ్యమూ, నూనే ఒకే బోటు ఖాతాలో! ఆ ఓనరు బిల్లు పట్టుకుని షాపుకొచ్చాడు, "ఇంత ఐసు నా బోటులో ఎక్కడ పడుతుందమ్మా" అని అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు ట్రిప్పుల టేబుల్లో పాత ఐడీకి ఒక కాలమ్ పెట్టాను. ముందు ట్రిప్పులు కాపీ చేస్తాను, తర్వాత పాత ఐటమ్స్‌ని ఆ కాలమ్ మీద జాయిన్ చేసి కొత్త ఐడీతో ఇన్‌సర్ట్ చేస్తాను. అదే ట్రిప్పుని రెండోసారి కాపీ చేసే అవకాశం ఉంటే కాపీ బ్యాచ్ నంబరు (ఏ విడత కాపీయో చెప్పే నంబరు) కూడా కండిషన్‌లో పెట్టండి, లేకపోతే ఐటమ్స్ డబుల్ అవుతాయి. ఈ రెండు ఇన్‌సర్ట్‌లూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ కాదన్న పద్ధతిలో) ఉంచి, బోటుకి ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో పాతదానితో సరిచూసుకున్నాకే కమిట్ కొట్టి ఖాయం చేయండి.