క్వాస్ ఏల్‌లో రొట్టెను వెతకాలి

చి. లలితకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. రై అనే ధాన్యపు రొట్టె, బ్లాక్‌కరెంట్ అనే నల్లటి చిన్న పళ్లు వేసి చేసిన క్వాస్ ఏల్ డబ్బా, 4.8 శాతం ఆల్కహాల్. క్వాస్ అంటే రై రొట్టెను పులియబెట్టి చేసే రష్యా వైపు పానీయం, ఏల్ అంటే ఒక రకం బీరు. "ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశాను పెదనాన్నా, ఇది పాడైందా, ఇలాగే ఉంటుందా?" అని అడిగావు. శనివారం స్నేహితులతో మళ్లీ ఆ బారుకే వెళ్తున్నామన్నావు కదా, అందుకే ఆలస్యం చెయ్యకుండా రాస్తున్నాను. ఈ పానీయం అంటే నాకు ప్రాణం. తెలియక పారబోశారని వింటే మనసుకి కష్టంగా ఉంటుంది.

పుల్లగా ఉన్నంత మాత్రాన పాడైనట్టు కాదమ్మా. అది పులవడానికే చేస్తారు. ఆ పులుపు ఎలాంటిది, దాని వెనకాల రొట్టె ఉందా లేదా, చూడాల్సింది ఈ రెండే. రొట్టె తగిలితే మంచి గ్లాసు. తగలకపోతే అది పళ్లు వేసిన పుల్ల బీరు మాత్రమే, డబ్బా మీద క్వాస్ అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా సరే.

శనివారం లోపల ఒకసారి మీ లాత్వియా రాజధాని రీగాలో ఉన్న సెంట్రల్ మార్కెట్‌కి వెళ్లిరా. జెప్పెలిన్లనే భారీ గాలి ఓడల కోసం కట్టిన పాత షెడ్లు తెచ్చి కట్టిన మార్కెట్ అది, 1930లో తెరిచారు. అక్కడ నల్లటి రై రొట్టె ఒకటి, మామూలు క్వాస్ సీసా ఒకటి కొను. ఇంటికొచ్చి రొట్టె పైపెచ్చు విడిగా, లోపలి మెత్తని భాగం విడిగా నమిలి చూడు. పైపెచ్చులో మాడీ మాడని తీపి, కాస్త చేదు ఉంటాయి. లోపల పులుపు, షాజీరా ఘాటు ఉంటాయి. ఆ తర్వాత క్వాస్ తాగు. ఈ రుచులు నాలుక మీద గుర్తుంటే శనివారం నీ పని సగం అయిపోయినట్టే. ఏం వెతకాలో తెలియకుండా వెతికితే ఏదీ దొరకదు.

క్వాస్ కొత్త ఫ్యాషనేమీ కాదు. 996వ సంవత్సరం కింద పాత రష్యన్ వృత్తాంతంలోనే దాని పేరు ఉంది. కీవ్ రాజు వ్లాదిమిర్, కోట దాకా రాలేని రోగులకీ బీదలకీ బండ్ల మీద రొట్టె, మాంసం, చేపలు, పళ్లు, పీపాల్లో తేనె మద్యంతో పాటు క్వాస్ కూడా పంపించాడని రాశారు. నేను 1980ల్లో మాస్కోలో చదువుకునేటప్పుడు ఎండాకాలం వస్తే వీధి మూలల్లో పసుపుపచ్చ ట్యాంకర్లు వెలిసేవి. చిన్న గ్లాసు మూడు కోపెక్కులు, అంటే వాళ్ల పైసలు, పెద్దది ఆరు. తెల్ల కోటు వేసుకున్నావిడ గాజు గ్లాసుని బోర్లించి నొక్కితే కింద నుంచి నీళ్లు చిమ్మి కడిగేవి, మళ్లీ అందులోనే పోసేది. పిల్లలు క్యానులు పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. పిల్లలకి ఇస్తున్నారంటే ఆల్కహాల్ ఎంత తక్కువో అర్థం చేసుకో. మామూలు క్వాస్‌లో 1.2 శాతానికి మించి ఉండదు. నీ డబ్బాలో ఉన్నది దానికి నాలుగింతలు. పేరు ఒకటే అని క్వాస్ తాగినట్టు గటగటా తాగితే తల తిరుగుతుంది.

ఇప్పుడు ఆ డబ్బాలోకి రొట్టె ఎలా వచ్చిందో తెలుసుకో, అప్పుడు రుచి పట్టుకోవడం తేలిక. రొట్టెలో పిండి పదార్థం అప్పటికే ఉడికి ఉంటుంది, కానీ దాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పొయ్యి వేడికి చచ్చిపోయి ఉంటాయి. అందుకే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అదే మాల్ట్‌ని, తోడు కలిపి వేడినీళ్లలో నానబెడతారు. మాల్ట్‌లోని ఎంజైములే రొట్టెను కూడా చక్కెరగా మారుస్తాయి. మరి అంతా రొట్టెతోనే ఎందుకు చెయ్యరంటే, ఎంజైములు చాలకపోవడం ఒకటి, ముద్ద కట్టుకుపోయి నీళ్లు దిగకపోవడం ఇంకొకటి. రై పిండికి ఆ జిగురు మరీ ఎక్కువ. అయితే ఆ జిగురే తర్వాత నోట్లో నునుపుగా, కాస్త చిక్కగా తెలుస్తుంది. రొట్టెలో ఉప్పు ఉంటుంది గనక గ్లాసులో లీలగా ఉప్పదనం తగలొచ్చు. అది తప్పు కాదు. నాకైతే అది పులుపుకి అందం తెస్తుందనిపిస్తుంది.

పులుపు తెచ్చేది లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా. మన ఇంట్లో పెరుగు తోడుకునేదీ ఆ తరహా బ్యాక్టీరియాతోనే. బీరుకి చేదు తెచ్చే హాప్స్ అనే పువ్వులు దానికి పడవు. అందుకని చాలాచోట్ల హాప్స్ వెయ్యకముందే ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచి పులవనిచ్చి, తర్వాత మరిగించి, ఆపైన ఈస్ట్ కలుపుతారు. పళ్లు వేసేది ఆఖర్లో. ఇక్కడే చాలామంది నిరాశపడతారు. బొమ్మలో పళ్లు చూసి తియ్యగా ఉంటుందనుకుంటారు. పళ్లలోని తీపి చాలావరకు ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది వాసన, పులుపు, తొక్కలోంచి దిగిన వగరు, రంగు. బ్లాక్‌కరెంట్‌కి వగరు మరీ ఎక్కువ. దాని ఆకుని అక్కడివాళ్లు ఊరగాయల్లో కూడా వేస్తారు. ఆ పండు వాసనలో పిల్లి మూత్రాన్ని గుర్తుచేసే ఘాటు కొంచెం ఉంటుంది. ముక్కు చిట్లించకు, అది పండు స్వభావం.

ఇక శనివారం సంగతి. వెళ్లేముందు ఆవకాయ అన్నం తినకు. కారం, పులుపు, గ్యాసు మూడూ కలిస్తే నాలుక మండుతుంది తప్ప రుచేమీ తెలియదు. సోంపు, చూయింగ్ గమ్ కూడా వద్దు. అలాగని ఖాళీ కడుపుతోనూ వెళ్లకు, ఇంత పులుపు కడుపులో మంట పెడుతుంది. ఇంత రొట్టె, కాస్త వెన్న తిని వెళ్లు.

గ్లాసు చేతికి రాగానే తాగొద్దు. బార్లలో మంచుముద్దలా చల్లగా ఇస్తారు. అంత చల్లదనంలో పులుపూ గ్యాసూ మాత్రమే పైకి తెలుస్తాయి, రొట్టె పడుకునే ఉంటుంది. పది నిమిషాలు ఆగు. ఎనిమిది, పది డిగ్రీల దగ్గర అది లేస్తుంది. పెద్ద మగ్గు కాకుండా, నోరు కాస్త ముడుచుకున్న చిన్న గ్లాసు అడుగు. డబ్బా అయితే గ్లాసు వంచి నెమ్మదిగా పోసుకుని, అడుగున రెండు వేళ్ల మందం మిగుల్చుకో. మొదటి సగం తేటది తాగాక ఆ మిగిలినదాన్ని తిప్పి మడ్డితో సహా పోసుకుని చూడు. తేడా నీకే తెలుస్తుంది, మడ్డి కలిశాక చిక్కదనమూ పిండి రుచీ పెరుగుతాయి. నురగ త్వరగా పోతుంది. పులుపుకీ, రొట్టెలో ఉన్న నూనెకీ నురగ నిలవదు. దాన్ని బట్టి బీరు పాతదని తేల్చకు.

ముందు వాసన చూడు. మొదట పండు వస్తుంది. గ్లాసు పక్కన పెట్టి కాసేపు మాట్లాడుకుని మళ్లీ చూడు. రెండోసారి పండు కింద కాల్చిన పైపెచ్చు వాసన రావాలి.

మొదటి గుక్క లెక్కలోకి తీసుకోవద్దు. నువ్వు పక్కన పెట్టేసింది ఆ మొదటి గుక్కకే. నోట్లో నీళ్లూరి, దవడలు జివ్వుమని, మనసు వద్దంటుంది. ఎవరికైనా అంతే. రెండో గుక్క చిన్నది తీసుకుని మూడు నాలుగు సెకన్లు నోట్లోనే ఉంచి నాలుక పక్కలకి పోనివ్వు. మింగాక నోరు మూసుకునే ముక్కులోంచి మెల్లగా ఊపిరి వదులు. రొట్టె దొరికేది అక్కడే, ఆ ఊపిరిలో. నాలుక మీద పులుపు ఉండగానే ముక్కు వెనక నుంచి మాడిన అంచు, షాజీరా, కాస్త బెల్లం పాకం లాంటిది వస్తుంది. మూడో గుక్కకి పులుపు తగ్గినట్టనిపిస్తుంది. తగ్గలేదు, నీ నోరు అలవాటు పడింది. అక్కడి నుంచి అసలు రుచి మొదలు.

పాడైనదాన్ని ఎలా పట్టుకోవాలని కదా నీ అసలు సందేహం. మీ నాయనమ్మ తరవాణి కుండ నీకు గుర్తుండే ఉంటుంది. దబ్బాకు వేసిన ఆ పుల్లనీళ్లని ఆవిడ నోట్లో పోసుకోకుండా మూత తీసి వాసనతోనే, ఈరోజు బాగుంది, ఈరోజు పనికిరాదు అని చెప్పేసేది. ఇక్కడా అదే పద్ధతి. పెరుగు మీద తేరిన నీళ్ల పులుపు మంచిది, మెత్తగా ఉంటుంది, నాలుక పక్కల దగ్గరే ఆగుతుంది. గొంతులో గీరుకుంటూ దిగేది వెనిగర్ పులుపు. ఆ ఛాయ కొంచెం ఉంటే సరే, అదే పైచేయి అయితే గాలి తగిలిందన్నమాట. గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తే తాగకు. పసిపిల్లలు కక్కిన పాల వాసన వచ్చినా అంతే, పులియబెట్టేటప్పుడు వేరే బ్యాక్టీరియా చేరింది. వెన్న వేసిన పాప్‌కార్న్ వాసన ప్రమాదమేమీ కాదు గానీ, ఇందులో అది నాకు నచ్చదు.

వీటన్నిటికంటే దొంగది ఇంకొకటి ఉంది. మింగిన పదిహేను, ఇరవై సెకన్లకి నాలుక వెనక మెత్తబడ్డ పాత బిస్కట్ల రుచి వస్తుంది, అది ముదిరితే ఎలుకల బోను వాసనే. గ్లాసులో ముక్కు పెడితే తెలియదు. పులుపులో అది ఎగరదు, లాలాజలం కలిసి పులుపు విరిగాకే పైకి వస్తుంది. దీన్నే రొట్టె రుచి అనుకుని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. నువ్వు పొరబడకుండా ఉండాలంటే ఒకటే గుర్తు. నిజమైన రొట్టె తాగకముందు వాసనలోనూ ఉంటుంది, మింగాకా ఉంటుంది. దొంగది మింగాకే వస్తుంది, పోతూ పోతూ నోరు పాడుచేసి పోతుంది. కొంతమందికి అసలు తెలియనే తెలియదు, కాబట్టి నీ స్నేహితులు బాగుందన్నా నీ నోటి మాటే నువ్వు నమ్ముకో.

పక్కన తినడానికి ఉప్పు వేసిన దోసకాయలు, పొగ పెట్టిన చేప, వెన్న రాసిన రొట్టె బాగుంటాయి. మన చెక్కలు తీసుకెళ్తే ఇంకా మంచిది, కారం తక్కువవి. పళ్లు కలవని క్వాస్‌తో రష్యావాళ్లు అక్రోష్కా అని చల్లటి సూప్ చేస్తారు, దోసకాయ, ముల్లంగి, బంగాళదుంప, గుడ్డు, సోయకూర వేసి. మార్కెట్లో కొన్న సీసాలో మిగిలితే అది చేసుకో. బ్లాక్‌కరెంట్ వేసినదాంతో మాత్రం చెయ్యకు.

ఒకటి రెండు డబ్బాలు ఇంటికి తెచ్చుకుంటే దారిలో ఎండ తగలనివ్వకు, రాగానే ఫ్రిజ్‌లో పెట్టు. పళ్లు వేసి, వేడి చెయ్యకుండా నింపినవైతే లోపల ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, వెచ్చగా ఉంటే మళ్లీ పులిసి డబ్బా ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని ఊపకుండా, సింకులో పెట్టి ముఖం దూరంగా ఉంచి తెరువు. తాగిన వెంటనే పళ్లు తోముకోవద్దు, నీళ్లు పుక్కిలించి అరగంట ఆగు. జలుబుకో ఎలర్జీకో మాత్రలు వేసుకున్న రోజైతే శనివారం సంగతి వచ్చే వారానికి వాయిదా వెయ్యి. మీ గుంపులో గోధుమ, బార్లీ పడనివాళ్లెవరైనా ఉంటే ఇది వాళ్లకి పనికిరాదని ముందే చెప్పు.

ఒక గ్లాసు చాలు, దాన్నే గంటసేపు తాగు. మొదట ఎలా ఉంది, వెచ్చబడ్డాక ఎలా ఉంది, మడ్డి కలిపాక ఎలా ఉంది, ఫోన్‌లో రాసి పెట్టుకుని ఆదివారం నాకు పంపు. ముఖ్యంగా రొట్టె ఎక్కడ తగిలిందో రాయి, వాసనలోనా, మింగాకనా, రెండిట్లోనా.

ఉంటాను.

మీ పెదనాన్న