చైనా నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. వాక్యం నీ చేతికి లొంగింది. చిక్కంతా రెండో అధ్యాయంలో ఉంది. 1965లో అన్హుయి పల్లెటూరి పిల్ల రైలెక్కి షాంఘైలో దిగింది, హోటల్లో డబ్బిచ్చి నూడుల్స్ తింది, సాయంత్రానికల్లా ఫ్యాక్టరీలో కుదిరిపోయింది. ఆ దేశంలో, ఆ ఏడాదిలో ఇది సాగదు.

ముందు ఆ నూడుల్స్ గిన్నె సంగతి చూడు. ఆ రోజుల్లో దానికి డబ్బొక్కటే చాలదు, ధాన్యం కూపన్ కూడా ఇవ్వాలి. దాన్ని ల్యాంగ్‌ప్యావ్ అంటారు. దానిమీద బరువు జిన్‌లలో అచ్చేసి ఉంటుంది, జిన్ అంటే అరకిలో. పట్నం కుటుంబాలకి నెలనెలా కోటా ఉంటుంది. పల్లెవాళ్లకి ఆ కూపన్లు రావు, వాళ్ల గింజలు వాళ్ల ఉత్పత్తి దళం, అంటే కలిసి సేద్యం చేసే ఊరి జట్టు, పంచేవే. ఊరు దాటాలంటే కమ్యూన్ (అలాంటి దళాలన్నీ కలిసిన సామూహిక సంస్థ) ఇచ్చే చీటీ పట్టుకెళ్లి, ఇంటి గింజలు ధాన్యం కేంద్రంలో అప్పజెప్పి, వాటికి బదులు కూపన్లు తెచ్చుకోవాలి. అవీ దేశమంతటా చెల్లేవై ఉండాలి, ఒక రాష్ట్రానివి పక్క రాష్ట్రంలో పనికిరావు. రాత్రి సత్రంలో పడుకోవాలన్నా పరిచయ లేఖ చూపించాలి. ఇక ఫ్యాక్టరీ ఉద్యోగానికి అడ్డం 1958 జనవరి నాటి హుకౌ నిబంధనలు. హుకౌ అంటే ఎవరు ఏ ఊరివాళ్లో సర్కారు రాసుకునే నివాస నమోదు. పల్లె హుకౌ ఉన్న మనిషికి పట్నంలో స్థిరపడే దారి దాదాపు మూసేశారు. ఆ హుకౌ బిడ్డకి వచ్చేది తల్లి నుంచి. తండ్రి షాంఘై కార్మికుడైనా సరే, తల్లి పల్లెలో ఉంటే పిల్ల పల్లె మనిషే. ఇది నీ కథకి పనికొస్తుంది, వదులుకోకు.

పేరు కూడా చూసుకో. 1948లో పుట్టిన పిల్లకి వేయ్‌తుంగ్ అని పెట్టావు. 'తుంగ్' అంటే మావో పేరులోని అక్షరం, ఆయన్ని కాపాడేవాళ్లని అర్థం వచ్చే పేరు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో తెగ పెట్టుకున్నారు. 1966లో ఆ పిల్లే పాత పేరు వదిలి దీన్ని పెట్టుకుందని రాస్తే అతుకుతుంది. పైగా తల్లిదండ్రులు ఏ పేరుతో పిలవాలో తెలీక తడబడే సన్నివేశం నీకు ఊరికే దొరుకుతుంది.

కరువు గురించి నువ్వు రాసిన పేజీలో 'ఆకలి కేకలు' మూడుసార్లు వచ్చింది. కొట్టెయ్. దాని బదులు గరిటె చూపించు. 1958 చివరికి పల్లెలు దాదాపు అన్నీ కమ్యూన్లలో ఉన్నాయి, తిండి సామూహిక వంటశాలలో. గంజి పైపైన ముంచితే నీళ్లు, అడుగునుంచి ముంచితే గింజలు. గరిటె ఎవరి చేతిలో ఉందో ఊరంతా వాళ్లని మంచి చేసుకోవాలి. ఇంట్లో వండుకుందామంటే మూకుడు ఉక్కు కోసం పెరటి కొలిమిలో కరిగిపోయింది. ఆ ఏడాది దేశం ఉక్కు లక్ష్యం 1 కోటి 7 లక్షల టన్నులు, అంతకుముందు ఏడాదికి రెట్టింపు. కొలిమిలోంచి వచ్చింది చాలాచోట్ల దేనికీ పనికిరాని పెళుసు ముద్ద. హెనాన్‌లోని షిన్‌యాంగ్ ప్రాంతంలోనైతే పొయ్యి పొగ కనిపించినా పార్టీ కార్యకర్తలు వచ్చిపడేవారు.

గింజలు ఎటు పోయాయో లెక్క వేసి చూపించు. దళం పండించింది వంద బస్తాలనుకో. పోటీలో పడి రెండు వందలని చెప్పారు. సర్కారు వాటా నూటికి ముప్పై అయితే అరవై బస్తాలు బండెక్కాయి. మిగిలిన నలభైలో విత్తనాలు తీయాలి, పశువులకి పెట్టాలి, ఆ తర్వాతే మనుషులు. దేశం మొత్తంమీద 1958 పంట దాదాపు 20 కోట్ల టన్నులైతే 37.5 కోట్లని ప్రకటించారు. ఆ కరువులో చనిపోయినవాళ్ల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. ఆ తేడా అలాగే రాయి, నచ్చిన అంకె ఒకటి ఏరుకోకు. తెలుగులో చైనా అనగానే హారతో, తిట్టో. రెండూ తేలికే.

'ఆకాశంలో సగం స్త్రీలు' అన్న నినాదం దగ్గర ఆగిపోయావు, కూలి లెక్కకి పాయింట్లు రాసే దళం పద్దుల పుస్తకం కూడా తెరువు. చాలా దళాల్లో రోజంతా పనిచేస్తే మగవాడికి పది పాయింట్లు, ఆడమనిషికి ఏడో ఎనిమిదో. పాయింటు విలువ ఎంతో ఏడాది చివర లెక్క తేలేదాకా ఎవరికీ తెలీదు.

నీ పిల్లని షాంఘైకి పంపాల్సిందే అంటే పంపు. చీటీ తీసుకుని పిన్నిగారింటికి చుట్టపుచూపుగా వెళ్లనీ, వీధి పోలీసు స్టేషన్లో తాత్కాలిక నివాసం నమోదు చేయించనీ. తెచ్చుకున్న కూపన్లు అయిపోయాక ఆ ఇంట్లో ఆమె తినే ప్రతి పిడికెడూ పిన్ని పిల్లల కోటాలోంచే రావాలి. పిన్ని ఏమీ అనదు. అన్నం వడ్డించేటప్పుడు ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగుతుందో, అక్కణ్ణుంచి రాయి.