పాఠకుల కామెంట్లన్నిటికీ జవాబివ్వాలా?

మీ బ్లాగుకు రోజూ వచ్చే కామెంట్లకు, మెయిళ్లకు జవాబులు రాయడంతోనే పొద్దుపోతోంది, కొత్తగా రాసే తీరిక దొరకట్లేదన్నారు. ముందు చెత్త కామెంట్ల (స్పామ్) సంగతి చూడండి. మీరు వాడేది వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ అన్నారు కాబట్టి సెట్టింగ్స్‌లో డిస్కషన్ పేజీ తెరవండి. 2 లేదా అంతకన్నా ఎక్కువ లింకులున్న కామెంటును అది మామూలుగానే ఆపి మీ అనుమతి కోసం ఉంచుతుంది. ఆ అంకెను 1 చేయండి. పాత వ్యాసాల కింద కామెంట్లు కొన్ని రోజులకు వాటంతటవే ఆగిపోయే ఏర్పాటూ అక్కడే ఉంది.

ఇక మనుషులు రాసినవి. "చాలా బాగుంది" అన్నవారికి ఒక్క మాట చాలు, అదీ వీలున్నప్పుడే. తప్పు చూపించినవారికి మాత్రం అందరికన్నా ముందు రాయండి. ఎవరైనా "మీరిచ్చిన సంవత్సరం తప్పు" అంటే సరిచూసుకుని, వ్యాసంలో దిద్ది, కింద "ఫలానా తేదీన సవరించాను" అని చేర్చి, ఆ సంగతి వారికి చెప్పండి. అంత శ్రద్ధగా చదివేవాళ్లు దొరకడం నిజంగా అదృష్టం. ఒకే ప్రశ్న పదేపదే వస్తుంటే దాని మీదే వ్యాసం రాసి, అడిగినవారికి లింకు పంపండి. తిట్లను తీసేయండి, వాటి గురించి టెన్షన్ వద్దు.

మెయిల్లో తమ సొంత కష్టం చెప్పుకున్నవారి మాటల్ని మాత్రం వారినడగకుండా ఎక్కడా వాడకండి. పేరు తీసేసినా, అది తమదేనని వాళ్లకు తెలుస్తుంది.